నీటి ఆటలో తడవకుండా రావడం ఎలా?

వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాసి పంపమని తమ్ముళ్ళు అడిగారు. పోటీ పరీక్షలకు ఎలా చదవాలి, ఇంగ్లీషంటే భయం ఎలా పోగొట్టుకోవాలి అన్నవి ఏటా వస్తూనే ఉన్నాయి, ఈసారి కూడా పక్క పేజీల్లో ఉండే ఉంటాయి. మేము మాత్రం హైస్కూలు సైన్సు చాలిన ఒక చిన్న పాఠం ఎంచుకున్నాం. వాటర్ పార్కులో పడవ ఎక్కి, అంత ఎత్తు నుంచి జర్రున నీళ్ళలోకి జారి, బట్టలు తడవకుండా దిగి రావడం ఎలా? నవ్వకండి తమ్ముళ్ళూ. మా బ్యాచ్‌లో ఈ ప్రశ్న నవ్వులాటకు పుట్టలేదు.

2004 జనవరిలో, మేము పదో తరగతిలో ఉండగా, విహారయాత్రకు హైదరాబాదు వెళ్ళాం. తలా కొంత వేసుకున్నాం, మాస్టార్లు కొంత కలిపారు. రాత్రి బస్సులో పోయి, ఒక పగలంతా చార్మినారు, సాలార్‌జంగ్ మ్యూజియం, జూ చూసి, రెండో రోజు ఊరి బయట ఉన్న ఒక వాటర్ పార్కుకు వెళ్ళి, ఆ రాత్రే బస్సెక్కి తిరిగి వచ్చేయాలని లెక్క. అంత నీటిని ఆట కోసం కట్టిపెట్టడం మాలో చాలామంది అదే మొదటిసారి చూడటం. మా ఊళ్ళలో నీళ్ళంటే సాగరు కాలువకు వంతు వచ్చినప్పుడు రాత్రిపూట లాంతరు పట్టుకుని మడవ దగ్గర కాపలా కాయడమే.

అందరం పడవల వైపు పరుగెత్తాం. మార్టూరు వైపు పల్లె నుంచి వచ్చిన మిత్రుడొకడు మాత్రం వేపచెట్టు కింద మా సంచులన్నీ కుప్ప పెట్టుకుని కూర్చున్నాడు. "ఏందిరా, రావా?" అంటే "కడుపులో నొప్పిగా ఉందిరా, మీరు పొండి" అన్నాడు. మేము పోయాం. మూడుసార్లు ఎక్కాం, నిలువునా తడిశాం. సాయంత్రానికి ఆరతాయిలే అనుకున్నాం, ఆరలేదు. రాత్రి బస్సులో సగం కిటికీలకు అద్దాలు లేవు. నల్గొండ దాటేసరికి పళ్ళు టకటకలాడుతున్నాయి. మిత్రుడు తన పొడి తువ్వాలు తీసి ఒకరి తర్వాత ఒకరికి ఇస్తూ పోయాడు. ఆ వారమే ప్రీ-ఫైనల్ పరీక్షలు. మాలో ఇద్దరు జ్వరంతో లెక్కల పేపరు రాయలేకపోయారు. తడిస్తేనే జ్వరం వస్తుందని డాక్టర్లు అనరు, జ్వరానికి క్రిములు వేరే ఉంటాయి. కానీ రాత్రంతా నిద్రలేక వణికిన ఒళ్ళు వాటికి లొంగిపోవడం తేలిక.

మిత్రుడికి కడుపునొప్పి లేదని హాస్టలుకు వచ్చాక తెలిసింది. బయలుదేరే ముందు రాత్రి ఉతికిన రెండో జత ఆరలేదు. మంచు పడే రోజులు కదా, మేడ మీద తీగ మీద పచ్చిగానే వదిలేసి వచ్చాడు. ఒంటి మీద ఉన్న జత తడిస్తే బస్సులో కట్టుకోవడానికి ఇంకోటి లేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి కడుపునొప్పి అన్నాడు.

అయితే చెట్టు కింద వాడు ఊరికే కూర్చోలేదు. రఫ్ నోటు వెనక అట్ట మీద పడవ బొమ్మ వేసి, వచ్చిన పడవ వచ్చినట్టు ఏ వరసలో వాళ్ళు ఎంత తడిశారో గీతలు పెట్టాడు. స్టడీ అవర్‌లో ఆ అట్ట మా ముందు పెట్టి, "ముందు కూర్చున్నోడు తడుస్తున్నాడు, వెనక కూర్చున్నోడూ తడుస్తున్నాడు, మధ్యలోవాడు తక్కువ తడుస్తున్నాడు. ఎందుకంటావురా?" అని అడిగాడు. మాకు తెలియలేదు. తర్వాత ఇంటర్లో, పాలిటెక్నిక్‌లో, బి.యస్సీలో మాలో ఎవరికి ఏ ముక్క దొరికినా ఆ అట్టకు చేర్చుకుంటూ వచ్చాం. ఈ పాఠం అలా తయారైంది.

ఈ ఆట ఎక్కడ పుట్టింది?

ఏటవాలు బల్లల మీదుగా పడవను నీళ్ళలోకి జార్చే ఆటను 1884లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో రాక్ ఐలండ్ అనే ఊళ్ళో మొదలుపెట్టారు. 1895లో పాల్ బాయ్‌టన్ అనే ఈతగాడు న్యూయార్క్ దగ్గర కోనీ ఐలండ్‌లో పార్కు కట్టి దాన్ని జనంలోకి తెచ్చాడు. దుంగ ఆకారపు పడవలు కాలవలో తేలుతూ వచ్చి జారిపడే రకం 1963లో టెక్సాస్‌లోని ఒక పార్కులో వచ్చింది. అడవిలో కొట్టిన దుంగలను కొండ మీద నుంచి రంపపు మిల్లుకు చెక్కకాలవల్లో నీటితో పాటు వదిలే పద్ధతి అక్కడ పూర్వం నుంచీ ఉంది. ఆ కూలీల పనే ఆటగా మారింది. గుండ్రటి తెప్పలో కూర్చుని సుడులు తిరుగుతూ పోయే ఆట 1980లో అదే రాష్ట్రంలోని హ్యూస్టన్‌లో మొదలైంది. మన దక్షిణాదిన 2000లో కొచ్చిలో వీగాల్యాండ్ వచ్చింది. ఆ సంస్థవాళ్ళే వండర్‌లా పేరుతో 2005లో బెంగుళూరులో, 2016లో హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన రావిర్యాలలో పార్కులు తెరిచారు. గుంటూరు, ఒంగోలు వైపు స్కూళ్ళ బస్సులు ఇప్పుడు ఎక్కువగా అటే పోతున్నాయి.

నీరు ఎందుకు లేస్తుంది?

పడవ 10 మీటర్ల ఎత్తు నుంచి జారిందనుకోండి. రాపిడిని పక్కన పెడితే కిందికి వచ్చేసరికి దాని వేగం ఎంత? 2 గుణకారం 9.8 గుణకారం 10 చేసి వర్గమూలం తీస్తే సెకనుకు 14 మీటర్లు, అంటే గంటకు 50 కిలోమీటర్లు. మన పల్లెవెలుగు బస్సు హైవే మీద పోయే వేగం. మనుషులతో కలిపి పడవ 1000 కిలోలు ఉంటే దాని గతిశక్తి 98,000 జౌళ్ళు. ఈ పడవకు బ్రేకు ఎక్కడుంది? చాలావాటికి కింద ఉన్న నీటి మడుగే బ్రేకు. పడవ తన ముందున్న నీటిని నెట్టుకుంటూ, తన వేగాన్ని ఆ నీటికి ఇచ్చేసి ఆగుతుంది. ఒక ఘనపు మీటరు నీరు 1000 కిలోలు, అంటే దాదాపు పడవంత బరువు. ఆ నీరు పోయే చోటు లేక పైకి, పక్కలకు లేస్తుంది. మనం అందం కోసం ఎగజిమ్మారు అనుకుంటాం గానీ, ఆ చిమ్మడమే మనల్ని ఆపుతున్నది.

కట్టేవాళ్ళకు ఈ సంగతి తెలుసు కాబట్టి పడవ ముక్కును వెలుపలికి ఒంపు తిప్పి, లేచిన నీరు బయటికి పడేటట్టు చేస్తారు. పడవ ముక్కు పైకెత్తి ఉన్నంతసేపే ఆ ఒంపు పని చేస్తుంది. ముందు వరసలో బరువైనవాళ్ళు కూర్చుంటే ముక్కు మునిగి, పారతో ఎత్తినట్టు నీటిని ఎత్తి లోపల పోస్తుంది. అందుకని సన్నగా ఉన్నవాళ్ళు ముందు, బరువైనవాళ్ళు వెనక ఉండటం మేలు. అయితే ఎవరు ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించేది అక్కడ ఉద్యోగి. ఆయన్ని మర్యాదగా అడగండి, కాదంటే ఊరుకోండి. పడవ ఎంత నిండితే అంత లోతుకు దిగుతుంది, అంచుకూ నీటికీ మధ్య ఎడం తగ్గుతుంది. మా మిత్రుడి గీతల్లో నిండు పడవలవాళ్ళే ఎక్కువ తడవడానికి ఇదే కారణం.

మరి వెనక వరస ఎందుకు తడుస్తుంది? ఈ ముక్క మాకు చాలా ఆలస్యంగా దొరికింది. పడవ వేగంగా పోతున్నంతసేపు దాని వెనక నీటిలో ఒక పల్లం, ఆ వెనకే ఒక మిట్ట వెంటాడుతూ వస్తాయి. పడవ ఉన్నట్టుండి నెమ్మదిస్తుంది, అల నెమ్మదించదు. అది వెనక నుంచి వచ్చి పడవను అందుకుని, చివరి వరస వీపు మీద కొట్టి పోతుంది. సన్నటి కాలవ అయితే అటూ ఇటూ గోడలకు కొట్టుకున్న అలలు కూడా తిరిగి వస్తాయి. ప్రమాదం దాటిందని నవ్వుతూ చేతులెత్తినవాళ్ళు తడిసేది సరిగ్గా అప్పుడే. మధ్య వరసకు ముందు ఒక వరస మనుషులు, వెనక ఒక వరస మనుషులు గోడల్లా అడ్డు ఉంటారు. మిత్రధర్మం కాదు గానీ సైన్సు మాత్రం అదే.

పడవలన్నీ ఒకటి కావు. కొన్నిట్లో ముందు వరసే పొడిగా వస్తుంది. అందుకే ఎక్కే ముందు ఐదారు పడవలు దిగి వచ్చేదాకా నిలబడి చూడండి. దిగేవాళ్ళ ముఖాలు నవ్వుతుంటాయి కాబట్టి ముఖాలు చూస్తే ఏమీ తెలియదు. చొక్కా భుజాలు, ప్యాంటు మోకాళ్ళు చూడండి. ఇంకో మాట. పడవ దిగే చోట ఎదురుగా చిన్న వంతెన కట్టి ఉంటే, ఎక్కకుండా అక్కడ నిలబడి చూడటం క్షేమం అనుకోవద్దు. మా మాస్టారొకరు అలాగే అనుకుని ఇస్త్రీ బట్టలతో వంతెన మీద నిలబడ్డారు. ఒంపు తిరిగిన ముక్కు నీటిని బయటికి విసురుతుందని చెప్పాం కదా, ఆ బయట అంటే అదే.

గుండ్రటి తెప్ప సంగతి వేరు. అందులో మంచి సీటు అంటూ లేదు. తెప్ప గోడలకు తగిలినప్పుడల్లా తిరుగుతుంది, పై నుంచి పడే ధార కిందకు ఆ క్షణాన ఎవరి వంతు వస్తే వాళ్ళు తడుస్తారు. ఇక్కడ చేయగలిగింది ఒకటే, బరువు అన్ని వైపులా సమానంగా సర్దుకోవడం. బరువైనవాళ్ళంతా ఒక పక్క కూర్చుంటే ఆ పక్క అంచు వంగి, నీరు అక్కడే లోపలికి వస్తుంది. పాదాలు ఎలాగూ తడుస్తాయి కాబట్టి బూట్లు, సాక్సులు వద్దు, వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు చాలు. ఇక అలల కొలను, గొట్టాల జారుడు బల్లల దగ్గర తడవకుండా ఉండే విద్య ఎవరి దగ్గరా లేదు.

గాలి ఎటు వీస్తోంది?

పెద్ద పార్కు టిక్కెట్టు కొనలేని ఏడాది మన హాస్టళ్ళ యాత్ర నాగార్జునసాగర్‌కే. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన ఆ డ్యామ్ నుంచి 1967లో కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ నీళ్ళతోనే మన గుంటూరు, ప్రకాశం పొలాల్లో మిరప, పత్తి పండుతున్నాయి. వరదకాలంలో 26 గేట్లలో ఎన్ని ఎత్తారని పేపర్లో చూసి జనం పోతారు. దగ్గరలోనే, ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉన్న మాచర్ల మండలంలో, చంద్రవంక వాగు మీద ఎత్తిపోతల జలపాతం ఉంది, సుమారు 70 అడుగులు. అక్కడ ఎవరూ నీళ్ళలో దిగరు, అయినా కొందరు తడిసి వస్తారు, పక్కనే నిలబడ్డవాళ్ళు పొడిగా వస్తారు. ఎందుకో లెక్క వేద్దాం.

గాలిలో పడే చినుకు కొంత వేగం దాకా పెరిగి, ఆపైన అదే వేగంతో పడుతుంది. 2 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు దాదాపు ఆరున్నర మీటర్లు పడుతుంది. మిల్లీమీటరులో పదోవంతు ఉండే తుంపర సెకనుకు పావు మీటరుకు కాస్త ఎక్కువ మాత్రమే దిగుతుంది. 70 అడుగులంటే 21 మీటర్లు. పెద్ద చినుకు మూడు నాలుగు సెకన్లలో నేలకు చేరితే తుంపరకు నిమిషం దాటుతుంది. సెకనుకు 3 మీటర్ల మామూలు గాలి ఉందనుకోండి. పెద్ద చినుకు పది మీటర్ల దూరంలో పడిపోతుంది. తుంపర, దారిలో ఆవిరి కాకపోతే, 200 మీటర్లు కొట్టుకుపోతుంది. కాబట్టి నీటికి ఎంత దూరంలో నిలబడ్డారన్నది కాదు, గాలికి ఏ పక్క నిలబడ్డారన్నదే ముఖ్యం.

ఈ సంగతి మనకు ఎవరో చెప్పాలా? మిరపతోటలో మందు కొట్టేటప్పుడు గాలికి ఎదురు నడవొద్దని, గాలి వీపుకు తగిలేటట్టు నిలబడమని మన నాన్నలు, అన్నలు చెబుతూనే ఉంటారు. తైవాన్ స్ప్రేయర్ నుంచి వచ్చే మందు తుంపర, ఎత్తిపోతల తుంపర, పార్కులో పడవ లేపే తుంపర పోయే తీరు ఒకటే. తోటలో గాలి లెక్క తప్పితే ఒంటి మీద పడేది విషం. ఆదివారాలు, సెలవుల్లో మందు కొట్టే కూలికి పోయే తమ్ముళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవాలి. మూతికి గుడ్డ కట్టుకుంటే చాలదు, గాలి తిరిగితే పని ఆపి సాలు మార్చుకోవాలి. పార్కులో అయితే జెండా చూసుకుని, గాలి వచ్చే వైపు సీటు పట్టుకుంటే పని అయిపోతుంది.

పత్తి మనది, తడి కూడా దానిదే

వాటర్ పార్కుల్లో నీళ్ళలోకి దిగేచోట నూలు బట్టలు వద్దు, నైలాన్‌వి వేసుకోండి అని బోర్డులు పెడతారు. మా బ్యాచ్ అది చదివి కోపం తెచ్చుకుంది. పత్తి పండించే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం, మన బట్ట పనికిరాదా అని. తర్వాత తెలిసింది. మామూలు గాలిలో, తేమ 65 శాతం ఉన్నప్పుడు, ఎండిన నూలుపోగు తన బరువులో ఎనిమిదిన్నర శాతం తేమను ఊరికే పీల్చి పెట్టుకుంటుంది. నైలాన్ నాలుగు శాతం, పాలిస్టర్ అర శాతం లోపే. నీళ్ళలో పడితే నూలుపోగు లోపలి దాకా తాగి ఉబ్బుతుంది. పాలిస్టర్ పోగు లోపలికి రానివ్వదు, పోగుకూ పోగుకూ మధ్య చిక్కిన నీరే ఉంటుంది, అది దులిపితే చాలావరకు పోతుంది. మన మేడ మీద తీగ చూసినా తెలుస్తుంది. టెర్రికాటన్ చొక్కా తెల్లారేసరికి ఆరుతుంది, నూలు తువ్వాలు, దుప్పటి మర్నాటికి కూడా చెమ్మగానే ఉంటాయి. పైగా నూలు నలకలు రాలి నీటిని వడపోసే యంత్రాలకు అడ్డుపడతాయి. బోర్డు వెనక ఉన్న కారణాలివి.

రాత్రి బస్సులో మేమెందుకు అంత వణికామో దీంతో లెక్క కట్టవచ్చు. చొక్కా, ప్యాంటు, బనీను కలిసి అర లీటరు నీరు పట్టి ఉన్నాయనుకుందాం. ఒక గ్రాము నీరు ఒంటి మీద ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. అర లీటరుకు 290 కిలో కేలరీలు. 29 లీటర్ల నీటిని 10 డిగ్రీలు వేడెక్కించగలిగినంత వేడి అది. ఎండలో నిలబడితే అందులో చాలా భాగం సూర్యుడు ఇస్తాడు. రాత్రి, అద్దం లేని కిటికీ పక్కన, ఇవ్వాల్సింది మన ఒళ్ళే. ఆ మీదట నీరు గాలికంటే సుమారు 24 రెట్లు తేలికగా వేడిని బయటికి లాగేస్తుంది. తడిబట్ట కట్టుకుని కూర్చోవడం కంటే తీసేసి పొడి దుప్పటి చుట్టుకోవడం నయమన్నది ఇందుకే.

మన పెద్దవాళ్ళకు ఈ తేమ శాతాలు ఇంకో దారిలో తెలుసు. పత్తిని సీసీఐ కేంద్రానికి తీసుకెళ్తే ముందు చూసేది తేమే. 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, ఎక్కినకొద్దీ కోత, 12 దాటితే బండి వెనక్కి. చెట్టు మీద పండిన మిరపకాయలో 65 నుంచి 80 శాతం దాకా తేమ ఉంటుంది, కల్లంలో ఎండబెట్టి దాన్ని 10, 11 శాతానికి దించాలి. అంతకు పైన ఉంటే బూజు పడుతుంది, యార్డులో ధర పడిపోతుంది. గుంటూరు యార్డుకు టిక్కీలు వేసుకుపోయిన రైతుకు ఆ రాత్రి మబ్బు పడితే నిద్ర పట్టదు. ఒక జత బట్టలతో బస్సెక్కిన మా మిత్రుడి భయం ఆ ఇంటి నుంచి వచ్చిందే.

కల్లంలో కుప్ప కప్పే పద్ధతి చూడండి. టార్పాలిన్ పట్ట ఊరికే పైన పరిచి రారు. గాలి వచ్చే వైపు అంచు మీద రాళ్ళు పెడతారు, పై నుంచి జారిన నీరు కిందికి రాకుండా కుప్ప చుట్టూ చిన్న కాలవ తీస్తారు, వాన వెలిశాక వెంటనే పట్ట లేపుతారు. లేపకపోతే కాయలోని తేమే ఆవిరై పట్ట అడుగున చెమటలా పట్టి మళ్ళీ కాయ మీదే కారుతుంది. పార్కుల్లో అమ్మే పల్చటి ప్లాస్టిక్ కోటుకు కూడా ఇవే నియమాలు. మెడ దగ్గర, చేతుల దగ్గర మూసుకోకపోతే నీరు అక్కడి నుంచే దిగుతుంది. కింద ఒళ్ళోకి మడవకపోతే సీటులో నిలిచిన నీరు ప్యాంటుకు పడుతుంది. పడవ దిగగానే విప్పకపోతే మన చెమటకే తడుస్తాం. యూరియా సంచి ఒక మూలను రెండో మూలలోకి దూర్చి నెత్తిన వేసుకుని వానలో గేదెలు కాసినవాళ్ళకు ఆ కోటు పెద్ద వింతేమీ కాదు. పార్కువాళ్ళు ఒప్పుకుంటేనే వేసుకోండి. వదులుగా వేలాడే ప్లాస్టిక్ చక్రాల్లో, గొలుసుల్లో చిక్కుకుంటే ప్రాణం మీదకు వస్తుంది.

బస్ పాసు, డబ్బులు, సెల్‌ఫోను మందపాటి పాలిథిన్ కవరులో పెట్టి, మూతి రెండుసార్లు మడిచి రబ్బరు బ్యాండు వేయండి. బయలుదేరే ముందు ఒక పరీక్ష చేసుకోండి. కవరులో న్యూస్‌పేపరు ముక్క పెట్టి బకెట్టు నీళ్ళలో పది నిమిషాలు ముంచి ఉంచండి. ముక్క పొడిగా ఉంటేనే ఆ కవరును నమ్మండి.

ఒక హెచ్చరిక

తడవకుండా ఉండటం కోసం చేయకూడనివి ఉన్నాయి. పడవ దిగేటప్పుడు లేచి నిలబడటం, పట్టీ వదులు చేసి పక్కకు ఒరగడం, ముందువాడి భుజాలు పట్టుకుని అతని వెనక దాక్కోవడం. మేము మూడూ చేశాం, ఏమీ కాలేదు, అది మా తెలివి కాదు. ముఖ్యంగా లాంచీల్లో, నాటు పడవల్లో. సాగర్ నుంచి నాగార్జునకొండకు పోయే లాంచీలో ఎదురుగాలి ఉంటే ఒక పక్క జల్లు కొడుతుంది. వెంటనే అందరూ లేచి రెండో పక్కకు పరుగెత్తబోతారు. నిలబడినకొద్దీ పడవ బరువు కేంద్రం పైకి పోతుంది, ఒక పక్కకు చేరినకొద్దీ ఆ అంచు నీటి వైపు వంగుతుంది. రెండూ ఒకేసారి జరగకూడదు. 2017 నవంబరు 12న, కార్తీకమాసం ఆదివారం, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద కృష్ణలో పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది మన ఒంగోలు నుంచి సరదాగా వెళ్ళినవాళ్ళే. ఆ పడవకు అనుమతి లేదు. అందుకని లాంచీలో మాత్రం తడవండి. లైఫ్ జాకెట్ వేసుకుని, కూర్చున్న చోటే కూర్చుని, హాయిగా తడవండి. జాకెట్లు సరిపోకపోతే ఎక్కొద్దు, డబ్బులు పోయినా సరే.

మా మార్టూరు మిత్రుడు ఇప్పుడు ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాడు. రావిర్యాల పార్కు తెరిచాక ఒక వేసవిలో మా బ్యాచ్‌లో కొందరం పిల్లలతో కలిసి వెళ్ళాం. పడవ దగ్గర వాడు పాత అలవాటు కొద్దీ ఐదారు పడవలు దిగేదాకా నిలబడి చూశాడు. పిల్లలకు ముక్కు ఒంపు, వెనక అల అన్నీ వివరంగా చెప్పాడు. చెప్పి, పోయి, అన్నిటికంటే ఎక్కువ తడిసే సీటులో కూర్చున్నాడు. "అదేందిరా, ఇన్నేళ్ళు లెక్క కట్టి?" అన్నాం. "సంచిలో ఇంకో రెండు జతలున్నాయి లేరా" అన్నాడు.

ఈ ఏడు యాత్రకు మేము కూడా వస్తున్నాం. బయలుదేరే ముందు వార్డెన్ సారు అనుమతితో ఒక పని చేద్దాం. ఎవరికి రెండో జత లేదో అడగొద్దు, అడిగితే కడుపునొప్పి అంటారు. పాత విద్యార్థులం తలా రెండు టెర్రికాటన్ జతలు, ఒక తువ్వాలు తెచ్చి ఒకే పెద్ద సంచిలో వేస్తాం. చిన్న, మధ్య, పెద్ద కొలతలు ఉంటాయి. తడిసినవాళ్ళు ఎవరైనా తీసుకుని కట్టుకోవచ్చు, పేరు రాసుకోం. సంచుల దగ్గర అరగంటకు ఇద్దరు చొప్పున అందరూ వంతులు కాయాలి. మొదటి రెండు వంతులు మావి.